ఊరవేసిన చేప పరీక్ష

కరోనా వచ్చిన రెండో ఏడు. ఆ ఉదయం లమై వేసుకున్న పథకం చిన్నదే. నెలలు నిండిన ఒరతైని ఆరోగ్యకేంద్రంలో చూపించి, పదింటికల్లా ఇల్లు చేరి అన్నం తినాలి. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఆ పల్లెలో అరవై ఇళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండే కార్యకర్త ఆమె. టీకా వేస్తే కడుపులో బిడ్డకు ముప్పని ఒరతై అత్తగారు బున్సీ మొండికేస్తే, ఆ ఇంటి మెట్ల మీద మూడు సాయంత్రాలు కూర్చుని రెండు డోసులూ వేయించింది.

ఒరతైకి ముక్కు కారుతోంది. లమై రెండు బారల దూరంలో, రెండు మాస్కుల వెనక నిలబడి, ఆమె చేతనే కిట్‌తో పరీక్ష చేయించింది. ఒకటే గీత. జబ్బు లేదు. అయినా లమైకి తృప్తి కలగలేదు.

"కిట్ పొరబడినా పడొచ్చు, నీ ఊరవేసిన చేప పొరబడదు. ఈ జబ్బొస్తే ముక్కుకు వాసన తెలియదు. జాడీ పట్రా వదినా," అంది బున్సీతో.

మూత తీయగానే ఒరతై ముక్కు మూసుకుంది. నాటకమనుకుంది లమై. తనకు ఏ వాసనా తెలియలేదు మరి. మాస్కుల వల్లనేమోనని జాడీని గేదెల కొట్టం వెనక్కి పట్టుకెళ్లి, ఎవరూ లేనిచోట మాస్కులు దించి చూసింది. అయినా ఏమీ లేదు.

"ఇందులో చేప వేశావా, ఉత్త ఉప్పునీళ్లా?"

ఆ మాట బున్సీకి తగలరానిచోట తగిలింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడిగి పట్టుకెళ్లే చేప అది. మూడేళ్లుగా మూత తీయని పెద్ద జాడీని ఈడ్చుకొచ్చి పెరటి మధ్య తెరిచింది. కుక్క లేచి వెళ్లిపోయింది. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకున్నారు. ఒరతై మెట్ల పక్కన కూలబడి వాంతి చేసుకుంది. అది చూసిన పక్కింటాయన నొప్పులు మొదలయ్యాయనుకుని అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

నర్సు బండి దిగుతూనే మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏమిటమ్మా ఈ కంపు?"

"కంపా? ఎక్కడ?" అంది లమై.

అందరూ ఆమెనే చూశారు. లమై సంచిలోంచి ఇంకో కిట్ తీసి, పదడుగులు వెనక్కి నడిచి, పుల్ల తన ముక్కులో పెట్టుకుంది. రెండు గీతలు వచ్చాయి.

పుస్తకం తెరిచి, మూడు రోజుల్లో తాను వెళ్లిన పన్నెండు ఇళ్ల పేర్లూ దూరం నుంచే చదివి నర్సుకు రాయించింది. ముందు ఒరతైని చూడమంది. ఒరతైకి నొప్పులూ లేవు, ఏమీ లేదు. ఆమె కోసం వచ్చిన అంబులెన్సు లమైని ఎక్కించుకుని వెళ్లింది. బున్సీ జాడీ సంగతి మరిచిపోయి రోడ్డుదాకా బండి వెనకే నడిచింది.

పన్నెండు ఇళ్లలో ఒక్కరికీ జబ్బు సోకలేదు. ఎండలో రెండు మాస్కులేమిటని ఆమెను వెక్కిరించినవాళ్లు అడక్కుండానే తలో రెండు కట్టుకున్నారు. లమై వార్డు మంచం మీద నుంచే, దగ్గుతో మాట తెగిపోతున్నా, రోజూ ఒరతైకి ఫోన్ చేసి బిడ్డ కదలికలు అడిగేది.

తొమ్మిదో రోజున ఆడపిల్ల పుట్టింది. బున్సీ ఆనందం పట్టలేక ఏడుస్తూ, ఫోన్‌ను పసిదాని నోటిదగ్గర పెట్టింది. లమై ఆ ఏడుపు చివరిదాకా విని, బిడ్డ ఊపిరితిత్తులు బాగున్నాయని రాసుకుంది.