షట్టరు మీద సన్మానం

"జీతం తీసుకోకుండా మంటలార్పే మన వాలంటీర్ల రుణం ఈ ఊరు తీర్చుకోబోతోంది" అని జర్మనీలోని ఓబర్‌క్రెన్‌డార్ఫ్ మేయరు లాఖ్‌నర్ గారు 2021 జూన్‌లో ప్రకటించారు. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన వారం రోజులు కష్టపడ్డారని మునిసిపాలిటీ వాళ్ళు గర్వంగా చెప్పుకున్నారు. సెప్టెంబరులో మేయరు ఎన్నికలున్న మాట నిజమే. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదని ఆయనే, ఎవరూ అడక్కముందే, స్పష్టం చేశారు.

ఆ వాలంటీర్లలో చలపతి ఒకడు. కరీంనగర్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మ్యూనిక్ అద్దెలకు తట్టుకోలేక, ఎస్-బాన్ లోకల్ రైలు చివరి స్టేషన్లో దిగి బస్సెక్కితే వచ్చే ఈ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. ఇక్కడ ఊరి పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా ఫైర్ బ్రిగేడ్‌లో ఉంటారు గానీ, పగటిపూట పెద్దవాళ్ళందరూ ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటారు. కరోనా వచ్చి చలపతి ఆఫీసు అతని వంటింటి బల్ల మీదకు మారగానే, బ్రిగేడ్ కమాండరు జెప్ తలుపు తట్టాడు. ఆయన వృత్తి ప్లంబింగు. "పగలంతా ఇంట్లోనే ఉంటావటగా" అన్నాడు. మర్నాటికల్లా, ఎక్కడైనా మంటలంటుకుంటే మోగే పేజర్ చలపతి నడుముకు వచ్చింది. ఆఫీసు స్క్రమ్ మీటింగు మధ్యలో అది మోగితే ల్యాప్‌టాప్ అట్లాగే వదిలేసి పరుగెత్తేవాడు. మేనేజరు మొదట్లో గొణిగి, తర్వాత క్లయింటు దగ్గర "మా టీములో ఫైర్‌మన్ ఉన్నాడు" అని చెప్పుకోవడం మొదలెట్టాడు.

బ్రిగేడ్‌కు కష్టం ఒక్కటే, అది షట్టరు. ఫైరింజను ఉండే గదికి చుట్టుకుంటూ పైకి లేచే పెద్ద ఇనప షట్టరుంది. దాని మోటారు చచ్చిపోయింది. పేజర్ మోగిన ప్రతిసారీ ఇద్దరు గొలుసు పట్టుకుని వేలాడితే గానీ అది లేవదు. కొత్త మోటారు వేయించమని జెప్ ఎన్నిసార్లు అడిగాడో ఆయనకే గుర్తులేదు.

ఈసారి మేయరుగారే పిలిపించేసరికి జెప్ చలపతిని వెంటబెట్టుకుని ఆశగా వెళ్ళాడు.

"మోటారు ఒక వస్తువు" అన్నారు మేయరుగారు, మాస్కు సర్దుకుంటూ. "వస్తువు పాతబడుతుంది. గౌరవం పాతబడదు. మీకు గౌరవం ఇవ్వాలని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది."

"మోటారు కూడా ఇస్తే..." అన్నాడు జెప్.

"ఆశకు అంతుండాలి" అన్నారు మేయరుగారు మృదువుగా.

గౌరవం ఒక కార్డు రూపంలో రానుంది. అది చూపిస్తే ఊరి ఈత కొలనులో సగం టికెట్టు. లాక్‌డౌన్ వల్ల కొలను మూతపడి చాలాకాలమైంది, శనివారం సన్మానం కాగానే సోమవారం మళ్ళీ తెరుస్తున్నారు. చలపతికి మాత్రం ఆ కార్డు నిజంగానే నచ్చింది. అతని ఏడేళ్ళ కూతురు ఉదయశ్రీ ఈత క్లాసు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. సోమవారానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది కూడా. కొత్త స్విమ్‌సూట్ వేసుకుని రెండు రోజులుగా సోఫా మీద ఈదుతోంది.

సన్మానం ఎలా చెయ్యాలో మేయరుగారికి నేర్పినవాడు రవీంద్రనాథ్. గుంటూరువాడు, ఆ చుట్టుపక్కల తెలుగు సంఘానికి అధ్యక్షుడు. వాలంటీర్లలో మనవాడొకడున్నాడని తెలిసిన రోజునుంచి ఆయనకు నిద్ర లేదు. శాలువాలు, మెమెంటోలు, పద్నాలుగడుగుల ఫ్లెక్సీ అన్నీ తానే తెస్తానన్నాడు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న మేయరుగారి నిలువెత్తు బొమ్మ వేయించాడు, దాని పక్కన అరచేయంత తన మొహం. వాలంటీర్ల ఫొటోలకు చోటు చాల్లేదు. శనివారం పొద్దున్నే వచ్చి, ఆ ఫ్లెక్సీని షట్టరుకు, రెండు పక్కల స్తంభాలకు కలిపి నైలాన్ తాడుతో బిగించేశాడు.

చలపతి చూసి గాబరాపడ్డాడు.

"అన్నా, షట్టరుకు కట్టినవేంది? బండి లోపల్నే ఉన్నది."

"ఊళ్ళో ఇంత వెడల్పు జాగా ఇంకెక్కడుంది తమ్ముడూ? మన దగ్గర పార్టీ ఆఫీసు షట్టరుకి కట్టట్లా?"

"పార్టీ ఆఫీసుల ఫైరింజను ఉండదు గదనే."

"గంట పనికి ఏం కాదులే. అయినా మేయరుగారి బొమ్మ, ముడతలు పడితే బాగుంటదా చెప్పు?"

జెప్ బండినైనా బయట పెడదామన్నాడు. కానీ బండి నిలిపే చోట వేదిక వేశారు. బండి ఎర్రగా ఉండి మేయరుగారి మొహం మీది దృష్టిని లాగేస్తోందని ఫొటోగ్రాఫరు కూడా అభ్యంతరం చెప్పాడు.

సభ నిబంధనల ప్రకారమే జరిగింది. కరోనా లెక్కన ఎంతమంది కూర్చోవచ్చో అన్ని కుర్చీలే వేశారు. కౌన్సిలర్లు, వాళ్ళ భార్యలు, విలేకరులు కూర్చునేసరికి కుర్చీలైపోయాయి. సన్మానితులు రోడ్డుకవతల, సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డారు. ఒక్కొక్కరినే వేదిక ముందుకు పిలిచారు. మనిషిని తాకకూడదు కాబట్టి, కాలుతున్న పైకప్పుల్ని లాగడానికి వాడే పొడవాటి కొక్కెం కర్ర చివర శాలువా తగిలించి, మేయరుగారు దూరం నుంచే కప్పారు. చలపతి వంతు వచ్చినప్పుడు కొక్కెం చెవికి తగిలింది. జనం చప్పట్లు కొట్టారు.

మేయరుగారు ప్రసంగంలో "క్షణంలో కదిలే వీరులు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పేజర్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

"చూశారా" అన్నారాయన పొంగిపోతూ. "ఎంత చక్కటి ఏర్పాటు."

రవీంద్రనాథ్ కూడా వేదిక మీంచి చలపతికి బొటనవేలు చూపించి మెచ్చుకున్నాడు.

ఏర్పాటు కాదు. ఈత కొలను దగ్గర, బట్టలు మార్చుకునే చెక్క గదుల్లో వైరింగు అంటుకుంది. జెప్, చలపతి పక్క తలుపులోంచి లోపలికి దూరి, శాలువాలతోనే గొలుసు పట్టుకుని లాగారు. షట్టరు కొద్దిగా లేచింది. దాంతోపాటు మేయరుగారి బూట్లు, మోకాళ్ళు ముడుచుకుంటూ పైకి పోయాయి. నడుం దాకా రాగానే నైలాన్ తాడు షట్టరు ఇరుసులో పడింది. ఆ తర్వాత షట్టరు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. బండి లోపల ఇంజను ఆన్ చేసుకుని కూర్చుంది.

"కత్తి ఉందా" అని అరిచాడు జెప్.

"ఫ్లెక్సీని కొయ్యకండయ్యా, డిపాజిట్ పోతుంది" అన్నాడు రవీంద్రనాథ్ బయట్నుంచి.

కోసినా ఇరుసులో బిగిసిన తాడు ఊడిరాకపోవడంతో, చేతికందిన మంటలార్పే సిలిండర్లు పట్టుకుని అందరూ కొలను దాకా పరుగెత్తారు. వాటితో ఆరే మంట కాదది. పక్క ఊరి బండి వచ్చేసరికి గదులు, టికెట్టు కౌంటరు, పిల్లల క్లాసు బోర్డు అన్నీ బూడిదయ్యాయి. మనుషులకేం కాలేదు. చలపతి కంచె పట్టుకుని నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది. రెండు సందుల అవతలి మంటను ఆర్పలేనివాడికి ఈ శాలువా ఏమిటని సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికెళ్ళేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. పొగ దానికీ కనిపించింది.

"ఆబర్ మోంటాగ్, నాన్నా" అంది. సోమవారం కదా అని.

చలపతి జేబులోంచి సన్మానంలో ఇచ్చిన కార్డు తీసి ఇచ్చాడు. ఉదయశ్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సోఫా మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేయరుగారు చలించిపోయారు. కొలను మళ్ళీ కట్టేదాకా కార్డుల గడువు పొడిగిస్తున్నట్టు ఆ రాత్రికే ప్రకటించారు. ప్రమాదంపై కమిటీ వేశారు. బండి బయటికి రాకపోవడానికి కారణం ఫ్లెక్సీయేనని కమిటీ నిర్మొహమాటంగా తేల్చింది. ఇలాంటిది మళ్ళీ జరగరాదంటూ, షట్టరు అభివృద్ధికి ప్రత్యేక నిధి మంజూరు చేసింది.

ఆ వార్త విని జెప్ చలపతిని కావలించుకోబోయి, దూరం గుర్తొచ్చి మోచెయ్యి తాకించాడు. పని మొదలైందని తెలిసిన పొద్దున ఇద్దరూ కలిసి స్టేషనుకు వెళ్ళారు. షట్టరు దించి ఉంది. దాని ముందు నిచ్చెన మీద ఒక పెయింటరు నిలబడి, మేయరుగారి చిరునవ్వుకు తెల్లరంగు దిద్దుతున్నాడు. ఇక ఫ్లెక్సీ గొడవ లేకుండా బొమ్మ నేరుగా ఇనుము మీదే వేస్తున్నారు. దాని కింద "ఎల్లవేళలా సిద్ధం" అని పెద్ద అక్షరాలున్నాయి.

"మోటారు?" అన్నాడు జెప్.

"నాకు రంగు పనే చెప్పారు" అన్నాడు పెయింటరు. "ఆరేదాకా మాత్రం ఎత్తకండి. మొహం పాడవుతుంది."

చలపతి నడుముకున్న పేజర్ మోగింది.