చెయ్యి వదలని శాంతి

యుద్ధాలు ఆపేది ఐక్యరాజ్యసమితి అని ఇంకా నమ్ముతున్నారా? మీ అమాయకత్వానికి జోహార్లు! ఆ శక్తి బరంపురం బిభూతి సార్ గుప్పిట్లో ఉంది. కావాలంటే పొడంపేట కన్నమ్మను అడగండి. ఆ గుప్పిట్లో కాసేపు ఆవిడ చెయ్యి కూడా ఉంది.

ప్రపంచంలో ఏ మూల యుద్ధం మొదలైనా బిభూతి సార్‌కి నిద్ర పట్టదు. ఆ సంగతి ఆయనే పోస్టు పెడతారు. అది చూసి అనుచరులూ నిద్ర మానేస్తారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, ప్రొఫైల్ ఫోటోలు మారుస్తారు. ఇంత జరిగాక ఏ సైన్యాధిపతికైనా ఫిరంగి ముట్టుకునే ధైర్యం ఉంటుందా?

ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటున్నాయని, ఆ ఆదివారం శాంతి పొడంపేటకు వచ్చింది, రెండు ఏసీ బస్సుల్లో. సముద్రం ఒడ్డున మానవహారం! అంత పొడవు ఒడ్డులోనూ, కన్నమ్మ పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెట్టిన చోటే కెమెరాకు వెలుతురు బాగుందట. యుద్ధం ఆగితే మంచిదేగా అని ఆవిడ చేపలను ఓ పక్కకు లాగింది. మొగుడి వేటంతా ఆ ఇసుక మీదే ఉంది. అవి ఎండితేనే ఇంటికి కొత్త వల.

సార్ స్వయంగా ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు. ఎడమచెయ్యి ఆయన శిష్యురాలు, కాలేజీ అమ్మాయి సస్మిత పట్టుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ గొలుసులో చేరారు.

ఇక్కడి ఆడవాళ్ళకో అలవాటుంది. మబ్బు ముందు ఎవరి కంటబడితే వాళ్ళు కేకేస్తారు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా పరుగెత్తి చేతికందిన చేపలు ఎత్తేస్తారు. ఎవరివని అడగరు. పగవాళ్ళవైనా సరే! ఇలాంటి వెనుకబాటుతనం పోగొట్టడానికే కదా శాంతి ఉద్యమాలు పుట్టింది.

సముద్రం మీద నల్లగా కమ్ముకొచ్చింది.

“ఓలమ్మా, మబ్బొచ్చీసింది! నా సెయ్యొగ్గండి బాబూ, సేపలు తడిసిపోతాయి!”

“ఒక్క నిమిషం మావుసీ, డ్రోన్ ఇటే వస్తోంది,” అంది సస్మిత, ఒడియాలో పిన్ని వరస కలిపి.

“అక్కడ పిల్లలు చచ్చిపోతుంటే నీకు చేపలు కావాలా తల్లీ?” అన్నారు సార్. పట్టు బిగిసింది.

కన్నమ్మకు సిగ్గేసింది. ఆ పిల్లలంటే ఆవిడకూ జాలే. కానీ ఇక్కడ నెత్తళ్ళు తడిస్తే అక్కడ ఏ పిల్లాడు బతుకుతాడో ఆవిడ బుర్రకు అందలేదు. చదువులేని మనిషి!

చినుకులు మొదలయ్యాయి. కుళాయి దగ్గర తగువైన నాటి నుంచి కన్నమ్మతో మాటల్లేని కాసులమ్మ, గొలుసు చివరన ఉంది. చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. ఆమె వెనకే ఊరంతా.

సగం చేపలు దక్కాయి.

“నువ్వెత్తినావేటే?” అంది కన్నమ్మ, బుట్ట అందుకుంటూ.

“నీ మీద కోపం నీ మీదే. సేపలేటి సేసినాయి?” కాసులమ్మ మొహం తిప్పేసుకుంది. మళ్ళీ మాటల్లేవు.

సాయంత్రానికల్లా సార్ పోస్టు వచ్చింది: “పొడంపేటలో శాంతి గొలుసును యుద్ధోన్మాదులు తెంచారు.” కింద కాసులమ్మ పరుగెడుతున్న ఫోటో. ఆమె ఏ దేశపు ఏజెంటో విచారించాలని అనుచరులు పట్టుబట్టారు. సార్ మాత్రం చలించలేదు. యుద్ధం ఆగేదాకా ప్రతి ఆదివారం అదే చోట మానవహారమని ప్రకటించారు.

కాబట్టి, కొట్టుకుంటున్న ఆ రెండు దేశాల పెద్దలకూ మా ఊరి తరఫున దండాలు. మీ పంతాలు మీవి, మధ్యలో మేం రాం. కానీ ఈ ఆదివారంలోగా ఎలాగో రాజీపడండి బాబూ!

మా చేపలు ఎండాలి.