మూడు వందల డెబ్బై రెండు గడులు

ఆ డిసెంబరు ఉదయం గోదావరిఖనిలో జమున పెట్టుకున్న పని ఒక్కటే: తన ఫంక్షన్ హాల్ కడిగించడం. ఆరున్నరకు లింగమూర్తి ఫోన్ చేయడంతో ఆ పని వెనక్కి పోయింది. ఆయన బొగ్గుబాయి కార్మికుడు. వచ్చే జూన్ నెలాఖరున రిటైరవుతున్నాడు.

"నీ సైటుల నెలాఖరు గడి నొక్కితే పేజీ లేదని వస్తంది, బిడ్డా. ఫస్టు షిఫ్టు దిగి మూడింటికి వస్త. అప్పటిదాక బాగుగాకుంటే ఇంకో హాల్ చూసుకుంట."

బాయిల మీద ఎవరు రిటైరైనా నెల ఆఖరి రోజే. అందుకే హాల్ నడిపేవాళ్లకు ఆ రోజు పెళ్లి ముహూర్తం కంటే గట్టిది. పైగా లింగమూర్తి రిటైర్మెంటు విందు, ఆయన మాటలో దావత్, ఎక్కడైతే రేపు ఆయన షిఫ్టు మొత్తం అక్కడికే వస్తుంది. వారం కిందట పెట్టించిన సైటులో తెరుచుకోని లింకు ఉందంటే, కొట్టు తెరిచి గడపకు అడ్డంగా మంచం వేసినట్టే.

సైటులో వచ్చే ఏడాదికి నెలకొక వరుస, రోజుకొక గడి. మొత్తం మూడు వందల డెబ్బై రెండు. సైటు చేసిన వినీత్ సోమవారం దాకా దొరకడు. చేత్తోనే చెరి సగం నొక్కి చూద్దామన్నాడు భర్త ఉపేందర్. జమునకు సగం పనులు నచ్చవు. లింకులన్నీ దానంతట అదే తెరిచి, తెరుచుకుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా చూపించే టూల్ ఒకటి ఉచితంగా దొరికింది. లాగిన్ అయ్యాక వచ్చే పేజీలు కూడా చూడాలా అని అది అడిగింది. చూస్తే పూర్తిగా చూడాలని జమున యజమాని పాస్‌వర్డ్ ఇచ్చేసింది.

యజమాని లాగిన్‌తో గడి తెరిస్తే సైటు ఇంకేమీ అడగదు. ఆ తేదీ బుక్ చేసేస్తుంది. టూల్‌కు అది తెలియదు. తెరవడమే దాని పని. పదకొండు నిమిషాల్లో జమున తన హాల్‌ను ఏడాది పొడవునా తానే బుక్ చేసుకుంది. బుక్ అయిన ప్రతిసారీ వంటమనిషికి మెసేజ్ పోయే ఏర్పాటు కూడా ఉంది. అది మాత్రం ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

తొమ్మిదింటికి వంట చేసే కిషన్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మూడు వందల అరవై అయిదు దావత్‌లా, అక్కా? ఒక్క ఆయితారమన్న ఇడిసిపెట్టు."

అప్పటికే అతను బెల్లంపల్లి పెళ్లి వంట ఒకటి వద్దనేశాడట. ముగ్గురు మనుషులను మాట్లాడుకున్నాడట. జమున ముందు ఆ పెళ్లివారికి ఫోన్ చేసి కిషన్‌ను మళ్లీ ఒప్పజెప్పింది. తరువాత తేదీలు రద్దు చేయడానికి కూర్చుంది. టూల్‌తోనే రద్దు చేయిద్దామని ఉపేందర్ అంటే, ఆమె తలెత్తి చూసింది.

పన్నెండింటికి జ్యోతినగర్ నుంచి పట్టాభిరామయ్య ఫోన్ చేశాడు. పవర్ ప్లాంటు ఇంజినీరు. ఆయనదీ జూన్ రిటైర్మెంటే.

"జూన్ ముప్పై బుక్ అయిపోయిందని చూపిస్తోందేమిటండీ? ఖాళీ ఉంటే ఇప్పుడే ఖాయం చేసుకుంటాను."

ఒక్క నొక్కు నొక్కితే ఆ తేదీ ఖాళీ అవుతుంది. జమున వేలు అక్కడిదాకా వెళ్లి ఆగింది.

"మూడింటిదాక ఆగుండ్రి, సార్. అది ఒకరి కోసం పెట్టిన."

ఆయన ఆగలేదు. పది నిమిషాల్లో మళ్లీ ఫోన్ చేసి, అవతలి హాల్ తీసుకున్నానని మర్యాదగా చెప్పాడు.

"చేతిల ఉన్నోన్ని ఇడిసి బాయిల ఉన్నోని కోసం కూసున్నవ్," అన్నాడు ఉపేందర్.

మూడింటికి లింగమూర్తి వచ్చేసరికి జమున మూడు వందల అరవై నాలుగు తేదీలు చేత్తోనే రద్దు చేసి, ఒక్కటి మిగుల్చుకుంది.

"ఏ గడి నొక్కినవ్, కాకా?"

"నెలాఖరుదే. జూన్ వరుసల ఆఖరి గడి."

రద్దుల పనిలో పడి అప్పటిదాకా చూడని టూల్ రిపోర్టును జమున అప్పుడు తెరిచింది. ఎర్రవి ఏడే. వాటిలో జూన్ ముప్పై ఒకటో తేదీ ఉంది. వరుసలు సమంగా కనబడాలని వినీత్ ఫిబ్రవరితో సహా అన్ని నెలలకూ ముప్పై ఒక్క గడులు పెట్టాడు.

"జూన్‌కు ముప్పయ్యే, కాకా."

లింగమూర్తి పిడికిలి కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"లేని దినానికి గడెందుకు పెట్టిన్రు మరి?"

లింగమూర్తి గొంతు తగ్గించాడు. అవతలి హాల్‌ను ఎవరో సార్ తీసుకున్నాడని దారిలోనే తెలిసిందట.

"ఇగ ముప్పై నీ దగ్గర గూడ దొరకదేమో."

"పొద్దుటి సంది నా పేరు మీదనే పట్టి పెట్టిన, నీ కోసమే," అంది జమున.

ఉపేందర్ గొంతు సవరించుకుని బయటికి వెళ్లిపోయాడు. లింగమూర్తి అక్కడే ఖాయం చేసి, జులైలో దిగిపోయే తన జతగాడికి కూడా ఫోన్ కలిపాడు.

ఆ సైటులో జూన్ ముప్పై ఒకటి మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.