కొమ్ముల పెట్టె, బోడి పెట్టె

అద్దాలాయనకు చెవుల పిచ్చి పట్టింది. పగలంతా కళ్లజోళ్ల షాపులో కూచుని, వచ్చినవాళ్ల కళ్ల ముందు బిళ్లలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. ఇంటికొచ్చి అదే ప్రశ్న పెళ్లాం చెవుల్ని అడగడం ఆయన రోగం.

ఇంట్లో వెనక గది మొత్తం ఆయన పాటల పెట్టెలదే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే భార్యేమో అన్నాలు తినే బల్ల మీదే బట్ట కత్తిరించి, అక్కడే మిషను తొక్కేది. కూరలో గుండీలు తగిలేవి. పెట్టెలకు గదీ, పనిచేసే మనిషికి మూలా! ఇదేం న్యాయమని అడిగే దిక్కు లేక చివరికి ఆవిడే అడిగింది.

"ఆ గది నా మిషనుకి కావాలండీ."

"ఇవ్వకూడదని కాదే. అక్కడో మహాకార్యం జరుగుతోంది."

మహాకార్యం ఇదీ. ఫోనులో పాట అంకెలుగా ఉంటుంది. చెవి అంకెలు తినదు. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టెను డాక్ అంటారు. ఒకే రకానివి రెండున్నాయి ఆయన దగ్గర. ఒకదాని పొట్ట కోసి, శబ్దం బయటికొచ్చే దారిలో ఉన్న చిప్పు పీకేసి, బదులుగా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తగిలించాడు. ఇనుము చుట్టూ రాగితీగ చుట్టిన ముద్దలవి. లోపల పట్టక, వైర్లతో బయటికొచ్చి అటొకటి ఇటొకటి కూచున్నాయి. భార్య దానికి కొమ్ముల పెట్టె అని పేరు పెట్టేసింది. కత్తి తగలని రెండోది బోడి పెట్టె.

"చక్కగా పాడేదాన్ని కోసి, పాటని ఇనప ముద్దల్లోంచి తోస్తే బాగెట్లా పడుతుందండీ?"

"చిప్పులోంచి వస్తే గరుకే. రాగిలోంచి జారితే నున్నన."

"మరి ఆ గుయ్యిమనేది?"

కూతురి దగ్గరే ఉంటున్న అత్తగారు అందుకుంది. "అవును బాబూ, లోపల ఈగ దూరిందేమో చూడండి."

ఈగ కాదు. పెట్టెకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకోటుంది. దాని గాలి సోకి కొమ్ములు గుయ్యిమంటున్నాయి. దిక్కు మారిస్తే తగ్గుతుంది. అందుకని సెలవు రోజంతా భార్య చేత కొమ్ములు పట్టించి తిప్పించాడు.

"కొంచెం ఎడమకి... అబ్బా, నీ ఎడమ కాదు, నా ఎడమ!"

"మీ ఎడమేదో మీకే తెలిసి చావదు. చేతులు పీకుతున్నాయి."

"కదలకు! ఆ... పోయింది, పోయింది!"

గుయ్యి పోయింది. అసలు కష్టం అప్పుడొచ్చింది. రెండు పెట్టెలూ మార్చి మార్చి విన్నాడు. ఏది కొమ్ములదో, ఏది బోడిదో తేలలేదు! కళ్లు మూసుకుని విన్నాడు. చెవులు కడుక్కొచ్చి విన్నాడు. ఓసారి బోడిదే నున్నగా తోచి చెమటలు పట్టాయి.

ఇది పెళ్లాం చెవిన పడితే గదీ పోతుంది, పరువూ పోతుంది. ఎత్తు వేశాడు.

"పందెం! తెర వెనక నువ్వు ఏ పెట్టె పెట్టినా చెప్పేస్తా. చెప్తే గది శాశ్వతంగా నాది. చెప్పలేకపోతే నీ మిషనుది."

"మాట తప్పరుగా?"

"నా చెవుల మీద ఒట్టు."

తెర కట్టేలోపు పిల్లిలా వెళ్లి ఓ కొమ్ముని కాస్త పక్కకు తిప్పాడు. సన్నగా గుయ్యి లేచింది. పనిగట్టుకుని వింటే తప్ప వినపడదు. గుయ్యి ఉంటే కొమ్ములది, లేకపోతే బోడిది. ఈమాత్రానికి సంగీతజ్ఞానం ఎందుకు?

తెరకు ఇవతల స్పీకర్లు, అవతల పెట్టెలూ భార్యా. అద్దాలాయన కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

"ఇది ఏది?"

పాట వెనక సన్నగా గుయ్యి. "కొమ్ములది! వాయిద్యాలు దేనికది విడిగా నిలబడ్డాయి చూడు."

ఆవిడ తెర అంచు ఎత్తి చూపింది. బోడి పెట్టె దీపం వెలుగుతోంది.

"ఆఁ? సరే, ఇంకోటి."

ఈసారి గుయ్యి లేదు. "బోడిది. పాటకి గొంతు పట్టేసింది."

కొమ్ముల పెట్టె దీపం వెలిగింది.

ఆయన బుర్ర తిరిగిపోయింది. ఒకదాని గుయ్యి రెండోదానికి అంటుకుందా? అంటుకోడానికి అదేమన్నా జలుబా? పట్టుబట్టి మళ్లీ మళ్లీ చెప్పాడు. మళ్లీ మళ్లీ తప్పే. ఓసారి గుయ్యి మధ్యలో ఆగి, గుటక మింగి, మళ్లీ అందుకుంది. కరెంటు గుటక మింగుతుందా?

"ఊరికే నోటికొచ్చింది చెప్పినా సగం ఒప్పవుతాయండీ," అంది భార్య. "వరసపెట్టి అన్నీ తప్పు చెప్పాలంటే ఏదో బాగా వినపడుతుండాలి. ఏంటది?"

"ముందు అన్నీ కట్టెయ్! తీగలు తారుమారైనట్టున్నాయి."

ఆవిడ ప్లగ్గు పీకి, చేతిలో పట్టుకుని ఇవతలికొచ్చింది. పాట ఆగింది. దీపాలు ఆరాయి.

గుయ్యి ఆగలేదు.

అద్దాలాయన ఒక్క గెంతులో వెళ్లి తెర లాగాడు. తను దొంగతనంగా తిప్పిన కొమ్ము మళ్లీ బుద్ధిగా గుయ్యి లేని దిక్కుకు తిరిగి ఉంది. పక్కనే ముక్కాలిపీట మీద అత్తగారు, కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, దీక్షగా గుయ్యిమంటోంది.

"అత్తయ్యగారూ!"

"అయిపోయిందా బాబూ? బోడిది పెట్టినప్పుడల్లా అనమంది అమ్మాయి. ఆపమని మటుకు చెప్పలేదు. గొంతెండిపోయింది."

"మోస..." అని అద్దాలాయన నోరు తెరిచాడు.

"ఏంటండీ, మోసమా?" భార్య నడుం మీద చెయ్యేసుకుంది. "మా అమ్మ గుయ్యిమంటే మీకేం నష్టం? మీరు వింటున్నది పాట కదా?"

మోసమంటే తను పాట వినలేదని ఒప్పుకోవాలి. కాదంటే గది ఖాళీ చెయ్యాలి. దొంగకు తేలు కుడితే అరవగలడా?

"అబ్బే, మోసమేంటి!" అని నోరు మూసుకున్నాడు.

"అయితే రండి, మిషను ఓ పక్క పట్టండి. బరువు."

పట్టాడు. గది గుమ్మం దాటిస్తుంటే, నీళ్లు తాగుతూ అత్తగారు అడిగింది.

"ఇంతకీ బాబూ, వాటిల్లో ఏది మంచిది? అంత దగ్గర కూచున్నా నాకు రెండూ ఒకేలా వినపడ్డాయి."

అద్దాలాయన మిషను చాటున తల దించుకుని, భార్యకు వినపడకుండా గొణిగాడు.

"నాకూ అంతేనండీ."