తుండుగుడ్డ కింద మూడు కంప్యూటర్లు

ఆ శనివారం పొద్దున భక్తవత్సలం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదిన్నరకి రాహుకాలం పోతుంది. పోగానే మనవరాలు కీర్తికకి ఒక కంప్యూటరు కొనాలి, పన్నెండుకల్లా మూలకుళంలో ఇంట్లో పడాలి, భార్య జయమ్మాళ్ చేసిన వంకాయ పులుసు తిని ఒక కునుకు తీయాలి. ఇందులో చిక్కు పడేదేదీ ఆయనకి కనపడలేదు.

కీర్తికకి ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూచుని చేసే ఉద్యోగమే, కానీ సోమవారం పది కొట్టేసరికి సొంత కంప్యూటరు ముందు హాజరు కావాలి. కాకపోతే ఆ చోటు లిస్టులో వెనకున్న పిల్లకి పోతుంది. అందుకని ఆ అమ్మాయి మూడు రోజులు కూచుని ఒక కాగితం తయారుచేసింది. కొత్త లాప్‌టాప్ ఒకటి, షాపువాళ్ళే భాగాలు కూర్చి ఇచ్చే పెద్ద కంప్యూటరు ఒకటి, ఏదో ఆఫీసులో మూడేళ్ళు వాడి వదిలేసిన పాత లాప్‌టాప్ ఒకటి. మూడింటికీ ధరకొక గడి, ఐదేళ్ళ కరెంటుకొక గడి, రిపేర్లకి, బ్యాటరీకి, చివర్లో అమ్మితే వచ్చేదానికి తలా ఒక గడి. అన్నీ కూడి, తీసి, కొత్త లాప్‌టాపే నయమని తేల్చింది.

"కాగితం శానా బాగుండాది పాపా," అన్నాడు భక్తవత్సలం. "కానీ ఎద్దు సంగతి ఎద్దునే అడగాల. కాగితానికేం తెలుసు?"

"తాతా, అది ఎద్దు గాదు."

"దుడ్డు పెట్టి కొనాల, మేత వేసి పెంచాల, రోగమొస్తే వైద్యం చేయించాల. ఇంక ఎద్దు గాక ఏంది?"

నలభై ఏళ్ళు ఆయన సంతల్లో పశువుల బేరగాడు. ఎద్దు నోరు తెరవకముందే దాని వయసు చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే. ఒకసారి ఒక ఎద్దు పళ్ళు చూడబోతే, అదే ముందు తన పళ్ళు చూసి తల అడ్డంగా ఊపిందని కూడా చెబుతాడు. కీర్తిక సర్టిఫికెట్లు పంపే పనిలో ఉంది కాబట్టి వెంట రాలేకపోయింది. కాగితంలో ఉన్నవి అడిగే ధరలేగానీ అమ్మే ధరలు కావన్న నమ్మకంతో ముప్పైఐదు వేలే నడుముకి కట్టుకుని, కాగితం జేబులో పెట్టుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని ఆయన ఒక్కడే బయల్దేరాడు.

షాపు మణిమారన్‌ది. ముప్పై దాటని కుర్రవాడు, ఇంట్లో తెలుగే, మర్యాద తెలిసినవాడు. మూడు యంత్రాలనీ బల్లమీద వరసగా పెట్టాడు. భక్తవత్సలం వాటిచుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కొత్తదాని మూత ఎత్తి, మీటలమీద వేలు పోనిచ్చి, పై వరసలో ఎన్నున్నాయో లెక్కపెట్టాడు. పాతదానిలో ఒక మీట అరిగి ఉండటం చూసి, "నడివయసు" అన్నాడు.

"పూచీ ఎన్నేళ్ళు అబ్బోడా?"

"కొత్తదానికి మూడేళ్ళు తాతా. పెద్దదానికి ఒకేడు. పాతదానికి మూణ్ణెల్లు."

"రోగమొస్తే?"

"కొత్తదాన్ని కంపెనీకి పంపాల. పెద్దదానికి ఏ భాగం పోతే ఆ భాగం ఇక్కడే మార్చేస్తా, అరగంట పని. పాతదానికి బ్యాటరీ మాత్రం ఏడాదిలో మార్చుకోవాల్సొస్తాది."

"మేత?"

"పెద్దది కరెంటు కొంచెం ఎక్కువ తింటాది. తక్కినవి ఆకులు తిన్నట్టే."

ప్రశ్నలు అర్థమైన షాపువాడు దొరికినందుకు భక్తవత్సలానికి కన్నీళ్ళొచ్చినంత పనైంది. ఇక మిగిలింది బేరం. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చేతిమీదా కొనేవాడి చేతిమీదా ఒక గుడ్డ కప్పుతారు. కొనేవాడు ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని పదివేలు. ఒప్పకపోతే అమ్మేవాడు చెయ్యి విదిలించుకుంటాడు. ఒప్పితే కొనేవాడి చేతిని మొత్తంగా పట్టి నొక్కుతాడు. నొక్కాడంటే అమ్మేసినట్టే. మర్నాడు అమ్మినవాడే పశువుని తోలుకొచ్చి కొన్నవాడి కొట్టంలో కట్టి డబ్బు పట్టుకుపోతాడు. నొక్కిన చేతిని కాదన్నవాడికి మళ్ళీ సంతలో మంచినీళ్ళు కూడా పుట్టవు.

భక్తవత్సలం తుండుగుడ్డ తీసి మణిమారన్ చేతిమీద కప్పాడు. కొత్త లాప్‌టాప్ వైపు గడ్డం చూపించి మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మొదటి మాటకే ఎవడూ ఒప్పడు, విదిలిస్తాడు, అప్పుడు ఇంకో ఐదువేలు పెంచుదామని ఆయన లెక్క. మణిమారన్ ఆయన చేతిని గట్టిగా నొక్కాడు.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ముప్పైకే! సరే, తక్కినవాటి ధర కూడా తెలిస్తే మంచిదని పెద్దదాని వైపు చూపించి, కచ్చితంగా విదిలించాల్సిందే అనుకుంటూ రెండే వేళ్ళు పట్టాడు. మణిమారన్ ఇంకా గట్టిగా నొక్కాడు. భక్తవత్సలం నుదుట చెమట పట్టింది. ఈ పిల్లవాడికి బేరం రాదా, లేక కష్టాల్లో ఉన్నాడా? ఆ సంగతి తేల్చుకుందామని పాతదానికి ఒక్క వేలు, అదీ చిటికెన వేలు పట్టాడు. మణిమారన్ రెండు చేతులతోనూ నొక్కి, కుర్చీలో కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు.

నీళ్ళు తాగుతుంటే భక్తవత్సలానికి తెలిసొచ్చింది. ఒకటి కొనడానికొచ్చి మూడు కొన్నాడు. అరవైవేల సరుకు. నడుముకున్నది ముప్పైఐదు.

"ఇల్లు మూలకుళం, పాత రైసుమిల్లు వీధి. తెలుసు గదా?" అన్నాడు నీరసంగా.

"తెలుసు తాతా. జాగ్రత్తగా పోండి."

పులుసుకి వెళ్ళే ముఖం ఆయనకి లేకపోయింది. నలభై ఏళ్ళలో నొక్కిన చేతిని ఒక్కసారీ కాదనలేదు. ఇప్పుడు కాదంటే పరువు పోతుంది, కాదనకపోతే కీర్తిక లాప్‌టాప్ డబ్బు కూడా తక్కినవాటికి పంచాలి. మధ్యేమార్గం ఒకటే. తెల్లారి సరుకు ఇంటికి రాకముందే రెండింటిని ఎవరికైనా అమ్మెయ్యాలి. అమ్మడం మాత్రం ఆయనకి కొత్తా?

ఆటో ఎక్కి తేంగాయితిట్టు రేవుకి పోయాడు. జయమ్మాళ్ పిన్నమ్మ కూతురు లోగనాయకి అక్కడ పడవలకి ఐసు అమ్ముతుంది. చేపలవేలం కేకలకంటే ఒక మెట్టు పైనే మాట్లాడుతుంది.

"ఏంది బావా, ఎండలో పడి వచ్చినావు? అక్క తరిమేసిందా?"

"నీ కంప్యూటరు ఆరోగ్యం అడగొచ్చినా మరదలా."

"దాని మొహం! ఉప్పుగాలికి నాలుగేళ్ళలో మూడు తూర్లు పడింది. పడినప్పుడంతా కంపెనీకి పోయి పది దినాలకి వస్తాది. ఆ పది దినాలూ ఏ పడవకి ఎన్ని దిమ్మలు పోయినాయో నా తలలోనే పెట్టుకోవాల."

భక్తవత్సలం కీర్తిక కాగితం తీసి మోకాలిమీద పరిచాడు. అంతవరకూ దానికేమీ తెలియదన్న మనిషి, ఆ క్షణం నుంచి దాన్ని వేదంలా చదివాడు. పెద్ద కంప్యూటరంటే దుక్కిటెద్దు అన్నాడు. కాలు పోతే కాలే మార్చుకోవచ్చు, ఎద్దు మొత్తాన్నీ మద్రాసు పంపక్కర్లేదు. మేత కాస్త ఎక్కువే, దాచను. కానీ ఐదేళ్ళమీద కూడి చూస్తే నువ్వు వైద్యానికి పోసేదానిలో ఇది సగం. ఇలా అరగంట చెప్పి, "ఇరవై రెండు" అన్నాడు. పైన రెండు తన ఆటోకి. సరుకు రేపు ఇంటికొచ్చి తీసుకుంటానని లోగనాయకి ఐదువేలు బయానా చేతిలో పెట్టింది. నోట్లు చల్లగా, చేపల వాసన వేస్తున్నాయి.

సాయంత్రానికి జెరాక్సు షాపు దామోదరన్ దొరికాడు. వీధి చివరే షాపు, వరసకి మేనల్లుడు. పిల్లల అడ్మిషన్ల కాలమని అతని ముందు జనం క్యూ కట్టి ఉన్నారు. ఉన్న ఒక్క కంప్యూటరూ గంటకోసారి నిద్రపోతోంది.

"ఆఫీసులో మూడేళ్ళు పని నేర్చుకున్నది దామూ, నువ్వు కొత్తగా నేర్పే పన్లేదు. బ్యాటరీ ఏడాదికి పోతాది, పోనీ. నీది ఎప్పుడూ గోడకి కట్టేసుండేదే గదా?"

"ఎంత మామా?"

"పదకొండు."

దామోదరన్ వెయ్యి బయానా ఇచ్చాడు. భక్తవత్సలం ఇంటికెళ్ళి చల్లారిన పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని సరుకుకోసం కూచున్నాడు. తొమ్మిదైంది. పన్నెండైంది. పాలబండి వచ్చింది, చీపుర్లవాడు వచ్చాడు, కంప్యూటర్లు మాత్రం రాలేదు.

"బిల్లు యాడ తాతా?" అంది కీర్తిక.

"సంతలో బిల్లేంది? చెయ్యి కలిసింది."

"ఎంతకి కలిసింది?"

"ముప్పై."

"అది యాభై రెండు తాతా!" కీర్తిక షాపుకి ఫోన్ చేసింది. మాట్లాడి పెట్టేసి, తాతవైపు కాక గోడవైపు చూస్తూ చెప్పింది. "ఎవరూ ఏమీ కొనలేదంట. ఒక తాత వచ్చినారు, కళ్ళు తిరిగినాయి, నీళ్ళిచ్చి పంపించినా అంటా ఉండాడు. రేపు పదింటికి నేనేం చేసేది?"

భక్తవత్సలం కుర్చీలోంచి లేవబోయేసరికి వీధి మలుపులో లోగనాయకి ఐసువ్యాను ఆగింది. వెనకే స్కూటరుమీద, సరుకు కట్టుకోవడానికి తాడుతో సహా, దామోదరన్.

"యాడ బావా నా ఎద్దు?"

సంగతి విన్నాక లోగనాయకి అరిచిన అరుపుకి ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్నావిడ బట్టలు వదిలేసి పిట్టగోడ దగ్గరికొచ్చింది. అందరూ ఐసువ్యాను ఎక్కారు. జయమ్మాళ్ కూడా ఎక్కింది, యాభై ఏళ్ళలో ఇంత మంచి తమాషా వదులుకోవడం ఇష్టంలేక.

షాపులోకి ఐదుగురు ఒకేసారి దూరేసరికి మణిమారన్ లేచి నిలబడ్డాడు.

"నా చెయ్యి నొక్కినావా లేదా?" అన్నాడు భక్తవత్సలం.

"నొక్కినా తాతా. మీరు ఉన్నట్టుండి నా చేతిమీద గుడ్డ వేసి వేళ్ళు పట్టుకుంటే, పడిపోతారేమోనని గట్టిగా పట్టుకున్నా. మొదట మూడు వేళ్ళు పట్టినారు. తరవాత రెండే. చివరికి చిటికెన వేలొకటి. ప్రాణం పోతా ఉండాదనుకున్నా!"

జయమ్మాళ్ కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. భక్తవత్సలం కుర్చీ వెతుక్కున్నాడు. కొననివి అమ్మాడు, అమ్మినవాటికి డబ్బు తీసుకున్నాడు, మనవరాలికి కొనాల్సింది కొనలేదు. సంతలో ఇలాంటివాడిని ఏమంటారో ఆయనకి బాగా తెలుసు. జేబులోంచి ఆరువేలు తీసి బల్లమీద పెట్టి, "తప్పు నాదే. ఎవరిది వాళ్ళు తీసుకోండి," అన్నాడు. ఆ గొంతు కీర్తిక ఎప్పుడూ వినలేదు.

లోగనాయకి నోట్లు ముట్టలేదు. పెద్ద కంప్యూటరు చుట్టూ తిరుగుతోంది. "ఇదేనా ఆ దుక్కిటెద్దు? అసలు ధరెంత?"

"ముప్పైఎనిమిది అక్కా."

"కాలు పోతే కాలే మారుస్తావా?"

"అరగంటలో."

"మూడు తూర్ల రిపేరికే నాకు ముప్పై పోయింది. బావ ధర అబద్ధం గానీ బావ లెక్క అబద్ధం గాదు. వ్యాన్లో పెట్టు."

దామోదరన్ తాడువైపు ఒకసారి, వాచీవైపు ఒకసారి చూశాడు. పదకొండుకీ, పాతదానికి మణిమారన్ చెప్పిన ఇరవై నాలుగుకీ మధ్య దూరం చాలా ఉంది. కానీ పొద్దున్నే షాపు ముందు మళ్ళీ ఆ క్యూ ఉంటుంది. "ఒక వెయ్యి తగ్గించన్నా," అన్నాడు. అదీ అయిపోయింది.

మణిమారన్ రెండు బిల్లులూ రాశాడు. పదిరోజులుగా ఆ షాపులో మౌస్ ఒకటి తప్ప అమ్ముడుపోలేదు. రెండు కంప్యూటర్లు పది నిమిషాల్లో, తను ఒక్క మాట పొగడకుండానే పోయాయి. అతను నెమ్మదిగా భక్తవత్సలం వైపు తిరిగాడు.

"తాతా, మీ దగ్గర ఎంతుండాది?"

"ముప్పైఐదు."

"కొత్తదానికి ఐదు తగ్గిస్తా. మిగతా పన్నెండుకి ఒక నెల పొద్దునపూట వచ్చి ఈ కుర్చీలో కూచోండి. నిన్న వీళ్ళకి చెప్పినట్టు వచ్చినవాళ్ళకి చెప్పండి. చాలు."

కీర్తిక ఊపిరి పీల్చుకుంది. మణిమారన్ మాత్రం ఇంకా కొనే మనిషి కళ్ళతోనే చూస్తున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి ముసలాయన్ని పైనుంచి కిందికి పరికించాడు.

"కళ్ళు బాగా కనపడతాయా అవ్వా?"

"దూరానివి కనపడతాయి. దగ్గర నేనుంటే కనపడను," అంది జయమ్మాళ్.

"ఎక్కువసేపు కూచుంటే?"

"వేడెక్కుతాడు."

"ఖర్చు?"

"రెండు కాఫీలు, ఒక మాత్ర. మధ్యలో ఆపాలంటే కష్టం, దానికదే ఆగాల."

"వారంటీ అక్కా?" అని అందుకుంది లోగనాయకి.

"యాభై ఏళ్ళుగా వాడతా ఉండాను. ఇంతవరకూ యాడా బాగుచెయ్యలేకపోయినారు."

భక్తవత్సలం ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూశాడు. ఎన్ని ఎద్దుల చుట్టూ తిరిగి ఇవే ప్రశ్నలు వేశాడో! అవి ఎందుకంత గుర్రుగా చూసేవో ఆయనకి ఆ ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. మణిమారన్ తల ఊపాడు. బేరం కుదిరింది.

సోమవారం పదింటికి కీర్తిక ఇంట్లో కొత్త లాప్‌టాప్ ముందు హాజరు వేయించుకుంది. అదే పదింటికి భక్తవత్సలం షాపు కుర్చీలో కూచుని ఒక బ్యాంకు ఉద్యోగికి మేత సంగతి వివరించడం మొదలుపెట్టాడు. నెలకని ఇచ్చిన మనిషిని వాపసు తీసుకుపోవడానికి, నాలుగు నెలలైనా జయమ్మాళ్ ఇంకా రాలేదు.