టైముగారి తీర్పు

ఆ సోమవారం ఉదయం టైముగారి పథకం చాలా చిన్నది. కొత్తగా తయారైన నీలం డయలు గడియారం పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాలి. చొక్కా చెయ్యి కొంచెం పైకి మడుచుకోవాలి. ఎవరైనా దాని గురించి అడిగితే ఏమీ చెప్పకుండా నవ్వాలి. అంతే.

ఆయన పని చేసేది ఇళ్ళ ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసులో. టైముగారు అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. వేళకి వస్తారని కాదు, ఆ నింద ఆయన మీద ఎవరూ వెయ్యలేరు. రోజుకో గడియారం పెట్టుకుని వస్తారని. అన్నీ పేరు మోసిన కంపెనీలవి, చూడగానే కళ్ళు చెదిరేవి, అన్నీ నకిలీవి.

నకిలీవి ఎవరైనా కొంటారు. టైముగారి సరదా కొనడంతో ఆగదు. కిటికీ పక్క బల్ల మీద పెట్టుకుని, మూత విప్పి, డయలు మార్చి, ముళ్ళు మార్చి, తేదీ గడి మీది అద్దం మార్చి, అసలుదానికి ఎంత దగ్గరగా తేగలిగితే అంత దగ్గరకి తెస్తారు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో ఆయన జడ్జి. ఎవరో ఒకరు ఒక గడియారం ఫొటో పెడతారు. "అక్షరాల మధ్య ఎడం ఎక్కువ. సెకన్ల ముల్లు పొట్టి. నకిలీ" అని ఆయన తేల్చేస్తారు. ఆ తీర్పు మీద ఇంతవరకూ అప్పీలు లేదు.

ఇందులో ఒక చిక్కుంది. పని ఎంత బాగా కుదిరితే దాన్ని గురించి బయట అంత చెప్పుకోలేరు. నకిలీ అంటే పరువు పోతుంది, అసలు అంటే అబద్ధమవుతుంది. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. అందుకని మధ్యేమార్గంగా ఒక నవ్వు అలవాటు చేసుకున్నారు. కొంప ముంచింది ఆ నవ్వే.

పదకొండింటికి మెట్ల ఆసామి వచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్న మనిషి. మెట్లు మరీ ఇరుకుగా ఉన్నాయని టైముగారు ఆయన ప్లాను తిప్పి పంపడం అది మొదటిసారి కాదు గనక ఆఫీసులో ఆ పేరు ఖాయమైపోయింది.

"మళ్ళీ అదే ఇరుకండీ. రేపు ఏదైనా నిప్పంటుకుంటే ఇద్దరు పక్కపక్కన దిగలేరు," అన్నారు టైముగారు, ప్లాను మీద వేలు పెట్టి.

ఆసామి చూపు వేలి దగ్గర ఆగలేదు. మణికట్టు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"సార్, ఇది ఆ కంపెనీదే కదండీ? మా బావమరిది దీని కోసం చచ్చిపోతున్నాడు."

టైముగారు నవ్వారు.

"ఇలాంటివి ఎవరైనా ఇస్తే పెట్టుకోవాలి గానీ, జీతాల మీద కొనగలమా అండీ?"

టైముగారు మళ్ళీ నవ్వారు. తన పనితనం ఒక పరాయి కంటి ముందు నెగ్గిందన్న సంబరంలో ఆ మాట ఆయన చెవికెక్కనే లేదు. ఆసామికి మాత్రం తన మెట్లు ఎందుకు ఇరుకయ్యాయో అప్పుడు అర్థమైంది.

ఆయన ప్లాను చుట్టుకుని కిందకి వెళ్ళి, టీ కొట్టు దగ్గర నలుగురి చెవిన వేశాడు. ఆ నలుగురిలో ఇద్దరు ఆఫీసువాళ్ళే. "ఈ నీలంది సరే, మొన్నటి నల్లది చూడలేదా మీరు? బంగారు అంచుది చూడలేదా?" అని వాళ్ళు ఎంతో గర్వంగా లెక్క చెప్పారు, అచ్చం తమ గడియారాలైనట్టు. వారం తిరిగేసరికి పై ఆఫీసుకు ఫిర్యాదు అందింది. లంచాల సంగతి తేల్చడానికి ఒక విచారణాధికారిణి వస్తున్నారని కబురు తెలిసింది.

టైముగారి గుండెల్లో రాయి పడింది. ఆయన జన్మలో ఎవరి దగ్గరా పైసా పుచ్చుకుని ఎరగరు. ఆయనకున్నదల్లా ఆ మంచి పేరొక్కటే, అదిప్పుడు పోయేలా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇంత కాలం చొక్కా మడిచి చూపించినవన్నీ నకిలీవని ఆ నలుగురి ముందే ఎలా చెప్పడం? ఇంటికొచ్చి సోదా చేస్తారేమోనన్న భయం ఒకటి. అందుకని మర్నాడు చేతికున్నది తప్ప తక్కిన గడియారాలన్నిటినీ గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో సర్ది, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేద్దామని తీసుకెళ్ళారు. బీరువా దగ్గరకి చేరకముందే అధికారిణి ఎదురయ్యారు.

ఆవిడ చాలా మర్యాదస్తురాలు. "మీరు ముందు భోంచెయ్యండి. తరవాత మాట్లాడుకుందాం," అని ఎదురుగా కూర్చున్నారు.

"ఆకలిగా లేదండీ."

"డబ్బా అంత బరువుగా మోసుకొచ్చారు. మొహమాటపడకండి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో డబ్బా టిక్కుటిక్కుమంది. స్టీలు గనక చప్పుడు మరీ బాగా వినిపించింది. అధికారిణి డబ్బా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, తనే మూత తీశారు. అందులో నాలుగు, చేతికి ఒకటి, మొత్తం ఐదు.

"ఇవి ఎక్కడివండీ?"

టైముగారు డబ్బా మూత కోసం చెయ్యి చాచారు. ఆవిడ ఇక ఆయన్ని అడగకుండా ఇంటికి ఫోను చేశారు. ఫోనెత్తిన టైముగారి భార్యకు భర్త పరువు కాపాడటమే ముఖ్యంగా తోచింది.

"అన్నీ అసలైనవేనండీ! మా నాన్నగారు పెట్టినవి. కావాలంటే ఆయన్నే అడగండి," అంది.

సాయంత్రం ఇంట్లో రభస జరిగింది.

"అసలైనవని నిన్నెవరు చెప్పమన్నారు?"

"నకిలీవని చెప్పాలా? మా పుట్టింట్లో అందరూ అవి అసలువనే అనుకుంటున్నారు తెలుసా? మీరు నవ్వి ఊరుకునేవారు, నేనూ ఊరుకున్నాను."

"ఇప్పుడు మీ నాన్నగారిని పిలిపిస్తారట!"

"వస్తారు. ఉన్నమాట చెబుతారు. మా నాన్న అబద్ధం ఆడరు." అప్పుడు తట్టింది ఆవిడకు. "అయ్యో, అవునండీ! మా నాన్న అబద్ధం ఆడరు!"

మామగారు ఒకప్పుడు ఓడలో పని చేశారు. ఇంజను గదిలో వేడికి ఉడికి సంపాదించిన మొదటి సంపాదనతో ఏదో దూరపు రేవులో ఒక గడియారం కొనుక్కుని, కూతురి పెళ్ళినాడు తన చేతిది విప్పి అల్లుడి చేతికి పెట్టారు. పెళ్ళైన కొత్తలోనే టైముగారు దాన్ని కంపెనీవాళ్ళ ఫొటోతో పోల్చి చూశారు. ఫొటోలో అక్షరాలు లావుగా ఉన్నాయి, దీని మీద సన్నగా ఉన్నాయి. పాపం, పెద్దాయనకి ఎవడో నకిలీది అంటగట్టాడు! ఆ సంగతి ఆయనకు గానీ భార్యకు గానీ చెప్పకుండా కడుపులో దాచుకున్నారు. అంతటితో ఆగక, మామగారి పరువు నిలబెట్టడానికి ఆ సన్నక్షరాల డయలు పీకేసి లావక్షరాల డయలు తెచ్చి బిగించారు. ఆయన సరదాకి అదే ఆరంభం. తనది చాలా పెద్ద మనసని ఆయన లోలోపల నమ్ముతూ వచ్చారు. మామగారింటికి వెళ్ళినప్పుడల్లా తప్పకుండా అదే పెట్టుకుని వెళ్ళేవారు కూడా. చత్వారం వల్ల పెద్దాయన తేడా కనిపెట్టలేదు.

మర్నాడు విచారణ గదిలో బల్ల మీద ఐదు గడియారాలు వరసగా పెట్టారు. ఒకపక్క భార్య, ఇస్త్రీ చొక్కాలో మామగారు. ఇంకోపక్క పెద్ద గడియారాల షాపు యజమాని. విలువ కట్టడానికి ఆయన్ని పిలిపించారు.

"మీ అల్లుడికి ఇవన్నీ మీరే పెట్టారా?" అని అడిగారు అధికారిణి.

"నేను పెట్టింది ఒక్కటేనండీ," అన్నారు మామగారు. "అదిగో, ఆ చివరది. తక్కినవి నాకు తెలియవు."

భార్య తల దించుకుంది. ఇక తప్పదని టైముగారు గొంతు సవరించుకున్నారు.

"అవన్నీ నకిలీవండీ, మేడం. నేనే కొని బాగుచేసుకున్నాను. అదొక సరదా."

"దొరికిపోయినవాళ్ళందరూ ఆ మాటే అంటారు," అని ఆవిడ షాపు యజమాని వైపు తిరిగారు.

ఆయన భూతద్దం కంటికి తగిలించుకుని ఒక్కో గడియారాన్నీ తిప్పితిప్పి చూశాడు. సెకన్ల ముల్లు గెంతకుండా జారుతోందా అని చూశాడు. తేదీ గడి మీది అద్దం చూశాడు. చివరికి భూతద్దం తీసి, "ఈ వ్యాపారంలోనే తల నెరిసిందండీ నాకు. అన్నీ అసలైనవే. అనుమానం లేదు," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో టైముగారికి ఉద్యోగం గుర్తు రాలేదు. ఒళ్ళంతా పులకరించింది. మొహం మీదకి ఆ పాత నవ్వు రానే వచ్చింది. అధికారిణి దాన్ని చూసి ఏదో రాసుకున్నారు. భార్య బల్ల కింద కాలు తొక్కితే గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు.

"కాదండీ! మీరు సరిగా చూడలేదు. ఈ నీలంది చూడండి, తేదీ గడిలో ఆరుకీ తొమ్మిదికీ తోక ఇలా ఉండదు. అసలుదైతే ఆ తోక మూసుకుని ఉంటుంది."

"ఉండదండీ. ఇలాగే ఉంటుంది."

"ఏమండీ, చేసినవాణ్ణి నేను!"

"నాకు నేర్పకండి. అసలుదే!"

ఇలా లాభం లేదని టైముగారు జేబులోంచి తన పనిముట్టు తీసి నీలందాని వెనక మూత విప్పేశారు. లోపలి చక్రాన్ని గోటితో గీకారు. బంగారు రంగు పొట్టులా లేచి వచ్చింది. షాపు యజమాని మొహం మాడిపోయింది. టైముగారు నల్లదాన్ని విప్పారు, బంగారు అంచుదాన్ని విప్పారు, నాలుగోదాన్నీ విప్పారు. కిటికీ పక్కన కూర్చుని కళ్ళు కాయలు కాసేలా అతికించినదంతా తన చేత్తోనే పీకి, ఇక్కడ మోసం, ఇక్కడ మోసం అని చూపించారు. గుమ్మం దగ్గర మూగిన ఆఫీసువాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళు ఎందుకు పెట్టుకున్నారో టైముగారికి తెలుసు.

అయినా పని జరిగింది. అధికారిణి కలం కింద పెట్టి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"సరేనండీ, నాలుగూ నకిలీవి. ఐదోది మీ మామగారు పెట్టింది. ఇందులో లంచం ఏముంది? మీరు వెళ్ళొచ్చు."

అక్కడితో లేచి దణ్ణం పెట్టి వచ్చేస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ నాలుగు తీర్పులు చెప్పిన నోరు ఐదోదాని దగ్గర ఆగలేదు.

"ఆ మాటకొస్తే ఐదోదీ అంతేనండీ," అన్నారు టైముగారు.

భార్య వద్దని కళ్ళతో సైగ చేసింది. ఆయన ఆ పక్క చూడలేదు.

"మామయ్యగారి తప్పేం లేదండీ. రేవుల్లో ఇలాంటి మోసాలు మామూలే. అక్షరాలు సన్నగా ఉండేవి. మొదటి చూపులోనే నాకు తెలిసిపోయింది. డయలు నేనే మార్చాను, కాస్త మర్యాదగా ఉంటుందని."

మామగారు కుర్చీలో కాస్త ముందుకి వంగారు, అంతే.

షాపు యజమానికి ఇంతసేపూ పోయిన పరువు కనీసం ఒక్కదానిలోనైనా రాబట్టుకోవాలని ఉంది. ఆ గడియారం అందుకుని, మూత విప్పించి, లోపలి నంబరు ఫొటో తీసి, డయలు ఫొటో కూడా తీసి కంపెనీకి పంపించాడు. టీలు వచ్చాయి, ఎవరూ తాగలేదు. కాసేపటికి జవాబు వచ్చింది. ఆయన దాన్ని పైకి చదివాడు.

"గడియారం మాదే. చాలా పాత రకం. ఆ రోజుల్లో అక్షరాలు సన్నగా ఉండేవి. ఇప్పుడు మరి దొరకవు. డయలు మాత్రం మాది కాదు. అది మార్చినవాడెవడో తెలిస్తే వాడిచేత మళ్ళీ ఏ గడియారమూ ముట్టించకండి."

టైముగారు చేతిలోని పనిముట్టు బల్ల మీద పెట్టేశారు.

"పాత డయలు ఉందా?" అని అడిగాడు షాపు యజమాని. "అది ఉంటే బాగుచెయ్యొచ్చు."

లేదు. టైముగారు ఎప్పుడో దాని మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టి, 'నకిలీని ఇలా గుర్తుపట్టాలి' అని రాసి, గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకి పాఠంగా ఆ డయలునే పోస్టులో పంపించారు. ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి అది ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి కూడా ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.

మామగారు చెయ్యి చాచి గడియారం తీసుకున్నారు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు.

"పెళ్ళైన కొత్తలోనే మీకు అలా అనిపించిందన్నమాట," అన్నారు. "మరి ఒక్క మాట అడగలేదేం బాబూ?"

"మీకు చిన్నతనంగా ఉంటుందేమోనని, మామయ్యగారూ..."

"అంటే ఇన్నేళ్ళూ మీరు నన్ను క్షమిస్తూ వచ్చారా, అల్లుడుగారూ?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. లంచగొండి అన్నప్పుడు కూడా టైముగారికి ఇంత సిగ్గు వెయ్యలేదు, అప్పుడు తన తప్పు లేదన్న ధైర్యమైనా ఉండేది. మామగారి వంక చూడటానికి మొహం చెల్లక బల్ల మీద పడి ఉన్న మూతల వంక చూస్తూ, "తప్పైపోయిందండీ," అన్నారు.

"పోనీలెండి," అన్నారు మామగారు. గడియారాన్ని మాత్రం తన చేతికే పెట్టుకున్నారు. కూతురు లేచి పట్టీ సరిగా బిగించి, తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. భర్తను రమ్మనలేదు.

రెండు వారాలకి విచారణ నివేదిక వచ్చింది: "ఆరోపణ నిజం కాదు, ఈ ఉద్యోగికి ఎంత విలువైనది ఇచ్చినా గుర్తుపట్టలేడు గనక, లంచం ఇచ్చినవారికి దండగ."