251251కు పట్టాభిషేకం

రాజులకు కిరీటాలు పోయాయి, జమీందార్లకు పల్లకీలు పోయాయి. ఇక మనిషి గొప్పతనాన్ని నిలబెట్టవలసిన బాధ్యత టెలిఫోను నంబరుదే! పుంగనూరులో జూనియర్ కాలేజీ నడిపే చెంగయ్య 2003లో ఈ సత్యాన్ని కనుగొన్నాడు. మదనపల్లె టెలిఫోను ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగి 251251 అనే నంబరు సాధించాడు. మరునాడే లెక్కల లెక్చరర్ గోవిందప్పను పిలిపించాడు.

"సారూ, మన నంబరు లెక్కల్లో ఏ జాతిది?"

గోవిందప్ప చూడగానే పోల్చుకున్నాడు. మూడంకెల సంఖ్యను పక్కపక్కనే రెండుసార్లు రాస్తే ఏడు, పదకొండు, పదమూడు మూడూ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి.

"సంయుక్త సంఖ్య సార్."

"అంటే కలగూరగంపా?"

"దాన్ని భాగించే చిన్న సంఖ్యలన్నీ కూడినా దానంత కావు. కాబట్టి న్యూన సంఖ్య కూడా..."

"న్యూనమా! నా నంబరా!"

గోవిందప్ప నాలుక కరుచుకున్నాడు. ఆరేళ్లుగా టెంపరరీ ఉద్యోగం. పర్మినెంటు ఆర్డరు చెంగయ్య సొరుగులో సంతకం కోసం పడి ఉంది.

"ఇంకేమన్నా మంచి జాతి ల్యాదా సారూ?"

"ప్రధాన సంఖ్యలని ఉంటాయి సార్. ఒకటీ, తానూ తప్ప వాటిని ఎవరూ భాగించలేరు."

"అట్ల సెప్పు! నన్ను భాగించే మొగోడు యాడుండాడు?"

ఆ వారమే నంబరుకు సన్మానసభ! చుట్టుపక్కల బడుల నుంచి పదో తరగతి పిల్లలను బస్సుల్లో తెచ్చారు. "ఆకాశం కింద దీన్ని భాగించే అంకె ఇంకా పుట్టలేదు!" అని గోవిందప్ప మైకులో గర్జించాడు. చప్పట్లు మోగాయి.

టైలర్ అబ్దుల్ గఫార్ కూతురు జోయా లేచి నిలబడింది.

"సార్, ఏడుతో పోతాది గదా? ముప్పై అయిదు వేల ఎనిమిది వందల తొంభై మూడుసార్లు."

వేదిక మీదున్న రిటైర్డ్ గుమాస్తా గంగులప్ప మైకు లాక్కున్నాడు.

"ఏడు సంగతి పరిశీలనలో ఉండాది! ఇంతమంది పెద్దమనుషులం ఉండగా అది మనల్ని అడక్కుండా యాల భాగిస్తాది? ప్రధానమే అనేవాళ్లు చేతులెత్తండప్పా!"

అందరూ ఎత్తారు. భారీ మెజారిటీతో ఏడు ఓడిపోయింది.

"కూర్చోమ్మా, నీది కింది తరగతి భాగహారం," అన్నాడు గోవిందప్ప. ఆ పిల్ల కోపంగా చూసినా బాగుండేది. ఆశ్చర్యంగా చూసింది. ఆయన తాగుతున్న సోడా పక్కన పెట్టేశాడు.

సభ ముగిశాక చెంగయ్య గోవిందప్పను గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"ఏడుతో పోతాదని నాకూ తెల్సు. నువ్వు న్యూనమన్న పొద్దే కూసోని భాగించి సూసినా. నేను పదో క్లాసు తప్పింది ఇంగ్లీషులో సారూ, లెక్కల్లో కాదు!"

చెంగయ్య ఆర్డరు తీసి, 'లెక్కల లెక్చరర్' అన్నది కొట్టేసి, పైన ఏదో రాసి సంతకం పెట్టాడు.

"లెక్కలు సెప్పేవాళ్లు దండిగా దొరుకుతారు. ఇంత నిబ్బరంగా తప్పు సెప్పేవాడు దొరకడు. రేపట్నించి నువ్వు అడ్మిషన్ ఆఫీసరు! పెద్దపంజాణి దాకా తిరిగి, మన రిజల్టు నూటికి నూరని సెప్పు. ముందు ఆ అమ్మిని చేర్పించు, ర్యాంకు తెస్తాది."

మరునాడు టైలర్ షాపులో గోవిందప్ప కరపత్రం చదివి వినిపించాడు. గఫార్ మిషను ఆపి కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, చేరతావా?"

"లెక్కలు ఎవరు చెప్తారు సార్?" అంది జోయా.

గోవిందప్ప కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను కాదమ్మా," అన్నాడు. "ధైర్యంగా చేరు."